ఒకే లైను మీద రెండు బండ్లు: థ్రెడ్ తప్పులను పట్టుకోవడం ఎలా?

పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవారికి ప్రోగ్రాంలో తప్పులు వెతకడం కొత్త కాదు. పైథాన్‌లో కోలన్ మరిచిపోతే యంత్రం వెంటనే చెబుతుంది. సూత్రం తప్పు రాస్తే ప్రతిసారీ అదే తప్పు జవాబు వస్తుంది. ఇవి దాక్కోని తప్పులు. వీటితో పేచీ లేదు.

ఇంకో జాతి తప్పు ఉంది. ప్రోగ్రాం వందసార్లు నడిపితే తొంభై తొమ్మిదిసార్లు బాగానే ఉంటుంది, నూరోసారి చెడుతుంది. చూపిద్దామని పక్కవారిని పిలిస్తే మళ్లీ బుద్ధిగా నడుస్తుంది. ఆ తప్పు ఎందుకు పుడుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసంలో నేర్చుకుందాం. తెలుగు పుటల్లో కంప్యూటర్ పాఠమేమిటని అనుకోకండి. బదిలీల మీద నేను పనిచేసిన బడులన్నిటిలోనూ ఒక సంగతి గమనించాను. పరీక్షలో ఇంగ్లీషులో చక్కగా రాసే పిల్లలు, అదే విషయం ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పమంటే ఆగిపోతారు. సొంత మాటల్లో చెప్పగలిగినప్పుడే ఏ విషయమైనా మనదవుతుంది.

థ్రెడ్ అంటే ఏమిటి?

థ్రెడ్ అంటే దారప్పోగు. కంప్యూటర్ భాషలో ఒకదాని తర్వాత ఒకటిగా సాగే ఆజ్ఞల వరుస ఒక పోగు. మీరు క్లాసులో రాసే చిన్న ప్రోగ్రాంలో సాధారణంగా ఒకటే పోగు. సర్వర్‌లో అలా కుదరదు. ఒకే క్షణంలో వందమంది పేజీ తెరుస్తారు. ఒకరి పని పూర్తయ్యేదాకా మిగతావారిని వరుసలో నిలబెడితే ఎవరూ ఓపిక పట్టరు. అందుకే సర్వర్ అనేక పోగులను పక్కపక్కన నడిపిస్తుంది. ఏ పోగు ఎప్పుడు ముందుకు కదులుతుందో, ఎప్పుడు ఆగుతుందో మనం రాసిన ప్రోగ్రాం నిర్ణయించదు. ఆ నిర్ణయం ఆపరేటింగ్ సిస్టంది.

పోగులు వేటి దారిన అవి పోతే చిక్కు లేదు. రెండు పోగులు ఒకే వస్తువును ముట్టుకున్నప్పుడే ముడి పడుతుంది. లైబ్రరీలో ఒక పుస్తకానికి 5 ప్రతులున్నాయనుకుందాం. ఇద్దరు విద్యార్థులు ఒకేసారి 'తీసుకున్నాను' అని నొక్కారు. మొదటి పోగు నిల్వ చదివింది: 5. అది ఇంకా రాయకముందే రెండో పోగు కూడా చదివింది: 5. మొదటిది ఒకటి తీసి 4 అని రాసింది. రెండోది కూడా తన 5లోంచి ఒకటి తీసి 4 అనే రాసింది. బీరువాలో మిగిలినవి మూడే, లెక్కలో మాత్రం నాలుగు. విడివిడిగా చూస్తే ఏ పోగూ తప్పు చేయలేదు. చదవడానికీ రాయడానికీ మధ్య రెండోది దూరడమే తప్పు. రెండు పోగుల్లో ఏది ముందు నడిచిందన్న దాని మీద ఫలితం మారిపోయే ఇలాంటి స్థితిని రేస్ కండిషన్ అంటారు.

టోకెన్ చేతిలో ఉంటేనే బండి

దీనికి విరుగుడు మన రైల్వేలకు ఎప్పటినుంచో తెలుసు. రెండు స్టేషన్ల మధ్య ఒకే లైను ఉన్నచోట రెండు బండ్లు ఎదురుపడకుండా టోకెన్ పద్ధతి పెట్టారు. స్టేషన్‌లోని యంత్రం నుంచి ఒక లోహపు బంతి తీసి, సంచిలో పెట్టి, పెద్ద రింగుతో డ్రైవరుకు అందిస్తారు. అది చేతికి అందితేనే బండి ముందుకు వెళ్లాలి. రెండు స్టేషన్లలోని యంత్రాలకూ విద్యుత్ సంబంధం ఉంటుంది. ఒక బంతి బయట ఉన్నంతసేపు ఏ వైపు నుంచీ రెండోది రాదు. చాలా మార్గాల్లో ఇప్పుడు కొత్త సిగ్నల్ పద్ధతులు వచ్చాయి కాని సూత్రం మారలేదు.

కంప్యూటర్‌లో ఆ టోకెన్‌కు లాక్ అని పేరు. లాక్ దొరికిన పోగే ఉమ్మడి వస్తువును ముట్టుకోవాలి, పని కాగానే వదిలేయాలి. ఒక సమయంలో ఒక్కరే లోపల ఉండాలన్న ఈ నియమాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1965లోనే ఒక వ్యాసంలో సమస్యగా పెట్టి పరిష్కారం చూపాడు.

వాడిన్: ఒక నిజమైన ఉదాహరణ

జావా భాషలో వెబ్ పేజీలు తయారు చేయడానికి వాడిన్ అనే ఫ్రేమ్‌వర్క్ ఉంది. ఫిన్లాండ్ వారిది. ఫిన్నిష్ భాషలో వాడిన్ అంటే ఆడ రెయిన్‌డీర్. మన 'వాడిన పువ్వు'తో దీనికి చుట్టరికం లేదు! ఇందులో బటన్, పట్టిక, అక్షరాల పెట్టె వంటి పేజీ భాగాల అసలు స్థితి సర్వర్‌లోనే ఉంటుంది. బ్రౌజర్‌లో కనిపించేది దాని ప్రతిబింబం. ఒక్కొక్క వాడుకరికి ఒక్కొక్క సెషన్, ఒక్కొక్క సెషన్‌కు ఒక్కొక్క లాక్.

మీరు బటన్ నొక్కితే వాడిన్ తానే లాక్ తీసుకుని మీ ఆజ్ఞలు నడిపిస్తుంది. అక్కడ టోకెన్ గురించి మనం ఆలోచించనక్కర్లేదు. చిక్కల్లా మనం సొంతంగా వెనుక ఒక పోగు మొదలుపెట్టినప్పుడే. ఉదాహరణకు, 'రిపోర్టు' బటన్ నొక్కగానే ఏడాది లెక్కలన్నీ కూడే పనిని వెనుక పోగుకు అప్పగించాం. పని పూర్తయ్యాక ఆ పోగు నేరుగా పేజీలోని పెట్టెలో 'సిద్ధం' అని రాయబోయింది. దాని చేతిలో టోకెన్ లేదు. అప్పుడు వాడిన్ పని ఆపి, సెషన్‌కు లాక్ వేయకుండా దాని స్థితిని ముట్టుకోరాదు అన్న అర్థం వచ్చే తప్పు సందేశం ఇస్తుంది. తప్పు రకం పేరు ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్.

ఈ సందేశం చూసి కంగారుపడి, ట్రై-క్యాచ్‌తో దాన్ని మూసేసేవారు ఉంటారు. ఎర్ర దీపం మీద గుడ్డ కప్పినంత మాత్రాన ఎదురుగా వచ్చే బండి ఆగదు. సందేశం మన శత్రువు కాదు, గేటు దగ్గరి కాపలాదారు.

సరైన మందు యూఐ.యాక్సెస్ అనే ఆజ్ఞ. వెనుక పోగు తాను పేజీని ముట్టుకోకుండా, చేయాల్సిన మార్పును దీనికి అప్పగిస్తుంది. సరుకును స్టేషన్‌లో దింపి, టోకెన్ దొరికినప్పుడు పంపించండని చెప్పినట్టన్నమాట. లాక్ దొరికాక వాడిన్ ఆ మార్పు చేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి బ్లేజర్ సర్వర్‌లో ఇదే పనికి ఇన్‌వోక్‌ఎసింక్ ఉంది. పేర్లు వేరైనా నీతి ఒకటే.

రెండో రకం తప్పు: ఒకరిది ఇంకొకరికి

సెషన్ లాక్ కాపాడేది ఒక వాడుకరి పేజీలను మాత్రమే. వాడుకరులందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అది కాపాడదు. పైన చెప్పిన పుస్తకాల నిల్వ అలాంటిదే. ఇద్దరు విద్యార్థులవి రెండు సెషన్లు కాబట్టి ఎవరి లాక్ వారికి దొరుకుతుంది. అయినా నిల్వ తప్పుతుంది. అలాంటి ఉమ్మడి వస్తువుకు విడిగా ఒక లాక్ ఉండాలి. ఇంకా మేలైనది, చదవడం, తీయడం, రాయడం మూడింటినీ విడదీయరాని ఒకే పనిగా డేటాబేస్‌కే అప్పగించడం. ప్రోగ్రాం రెండు మూడు సర్వర్ల మీద నడుస్తుంటే జావా లాక్ ఒక్కటే చాలదు, ఎందుకంటే అది ఒక యంత్రం దాటి పనిచేయదు.

ఇంకా ప్రమాదమైనది స్టాటిక్ అన్న మాట. 'ప్రస్తుత విద్యార్థి' అనే విలువను స్టాటిక్‌గా ప్రకటిస్తే ప్రోగ్రాం మొత్తానికి అది ఒక్కటే అవుతుంది. ఒకరు లాగిన్ అయిన తర్వాత ఇంకొకరు లాగిన్ అయితే, మొదటివారి పేజీలో రెండోవారి మార్కులు కనిపించవచ్చు. ఇక్కడ తప్పు సందేశం కూడా రాదు. ఒంటరిగా కూర్చుని ఎన్నిసార్లు పరీక్షించినా ఇది బయటపడదు. పేజీ భాగాన్నే స్టాటిక్‌గా పెడితే మాత్రం వాడిన్ ఊరుకోదు, ఒక చెట్టులోని కొమ్మను ఇంకో చెట్టుకు మార్చలేనని మొరాయిస్తుంది.

వెతికే క్రమం

1. ముందుగా పోగు పేరు చూడండి. తప్పు సందేశంతోపాటు లాగ్‌లో పోగు పేరు కూడా అచ్చయ్యేలా పెట్టుకోండి. టామ్‌క్యాట్ సర్వర్‌లో మామూలు అభ్యర్థనలను నడిపే పోగులకు 'హెచ్‌టీటీపీ-నియో-8080-ఎగ్జెక్-3' వంటి పేర్లుంటాయి. జావాలో మనం మొదలుపెట్టిన పోగుల గుంపుకు వేరే పేరు ఇవ్వకపోతే 'పూల్-1-థ్రెడ్-1' అని ఉంటుంది. రెండో రకం పేరు కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే: టోకెన్ లేని బండి అదే.

2. తర్వాత స్టాక్ ట్రేస్‌ను పైనుంచి కిందికి చదవండి. ఫ్రేమ్‌వర్క్ వరుసలు దాటుకుంటూ వెళ్లి, మీరు రాసిన ఫైలు పేరు మొదట కనిపించిన చోట ఆగండి. పేజీని ముట్టుకున్న ఆజ్ఞ అక్కడ ఉంటుంది.

3. వెనుక పోగులో యూఐ.గెట్‌కరెంట్ అని అడిగారేమో చూడండి. ఆ పోగుకు సొంత పేజీ ఉండదు కాబట్టి జవాబు శూన్యం వస్తుంది. బటన్ నొక్కిన క్షణంలోనే పేజీని ఒక చరరాశిలో పట్టుకుని వెనుక పోగుకు ఇవ్వాలి.

4. తప్పును కావాలని రప్పించండి. చదవడానికీ రాయడానికీ మధ్య పోగును రెండు సెకన్లు నిద్రపుచ్చండి. రెండు వేర్వేరు బ్రౌజర్లు తెరిచి ఒకేసారి నొక్కండి. నూరింట ఒకసారి వచ్చే తప్పు ఇప్పుడు దాదాపు ప్రతిసారీ వస్తుంది. దిద్దిన తర్వాత ఆ నిద్రను ఉంచే మళ్లీ పరీక్షించండి, అప్పుడే నమ్మకం. ఒక జాగ్రత్త: మధ్యలో ప్రింట్ ఆజ్ఞలు చేర్చినా వేగం మారి తప్పు దాక్కోవచ్చు. కనిపించలేదంటే పోయిందని కాదు.

5. తప్పు సందేశం లేకుండా స్క్రీన్ మాత్రమే మారకపోతే అది వేరే జబ్బు. సర్వర్‌లో మార్పు జరిగింది, బ్రౌజర్‌కు చేరలేదు. దానికి పుష్ అనే సదుపాయం పెట్టాలి.

నాలుగో మెట్టు ఎంత ముఖ్యమో చెప్పే సంఘటన ఒకటి ఉంది. అది వెబ్ పేజీలకు సంబంధించింది కాదు, కాని తప్పు ఈ జాతిదే. థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురు రోగులకు హద్దు మీరిన రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు చనిపోయారు. 1986లో టెక్సాస్‌లోని టైలర్ ఆస్పత్రిలో జరిగిన ప్రమాదాలకు మూలం ఇదే: ఆపరేటర్ వివరాలు నింపి, 8 సెకన్లలోపే వేగంగా దిద్దితే ఆ దిద్దుబాటును ప్రోగ్రాంలోని ఇంకో భాగం గమనించేది కాదు. నెమ్మదిగా టైపు చేసి చూసినవారికి యంత్రం బాగానే కనిపించింది. ఆ ఆస్పత్రి భౌతిక శాస్త్రవేత్త ఆపరేటర్‌తో కలిసి కూర్చుని, అదే వేగంతో మళ్లీ మళ్లీ టైపు చేసి తప్పును రప్పించారు. 'మా దగ్గర బాగానే నడుస్తోంది' అన్న మాట జవాబు కాదని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మందు వికటించే చోట్లు

లాక్ మంచిదని అన్నిటికీ వేయకూడదు. యూఐ.యాక్సెస్ లోపల ఏడాది లెక్కలు కూడటం మొదలుపెడితే, అది పూర్తయ్యేదాకా ఆ వాడుకరి పేజీ మొత్తం కొయ్యబారిపోతుంది. టోకెన్ పట్టుకుని బండిని లైను మధ్యలో ఆపినట్టు. లెక్క బయట చేయాలి, జవాబు రాయడం మాత్రమే లోపల చేయాలి.

రెండు లాక్‌లు అవసరమైన చోట అందరూ వాటిని ఒకే క్రమంలో తీసుకోవాలి. లేకపోతే ఒక పోగు మొదటిది పట్టుకుని రెండోదాని కోసం, ఇంకో పోగు రెండోది పట్టుకుని మొదటిదాని కోసం కదలకుండా నిలబడతాయి. లక్నోలో 'పెహలే ఆప్, పెహలే ఆప్' అనుకుంటూ బండి తప్పిపోయిన ఇద్దరు నవాబుల కథ ఉత్తరాదిన చదివే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వారిది మర్యాద, పోగులది మొండితనం, ఫలితం మాత్రం ఒకటే. దీన్ని డెడ్‌లాక్ అంటారు. జావాతో వచ్చే జెస్టాక్ అనే పనిముట్టు ఏ పోగు దేనికోసం ఆగి ఉందో చూపిస్తుంది.

వాడుకరి పేజీ మూసి వెళ్లిపోయాక కూడా వెనుక పోగు పనిచేస్తూనే ఉండవచ్చు. పేజీ మూసుకున్నప్పుడు దాన్ని కూడా ఆపే ఏర్పాటు చేయాలి.

గుర్తుంచుకోండి

ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పుకు కూడా కారణం ఎప్పుడూ అక్కడే ఉంటుంది. 'ఈ వస్తువు ఎవరెవరిది? దీన్ని ఏ పోగులు ముట్టుకుంటున్నాయి? ముట్టుకునేటప్పుడు టోకెన్ ఎవరి చేతిలో ఉంది?' ఈ మూడు ప్రశ్నలు అడిగితే దారి దొరుకుతుంది.

చేసి చూడండి

1. పైథాన్‌లో సున్నాతో ఒక ఉమ్మడి లెక్క మొదలుపెట్టండి. రెండు పోగులు ఒక్కొక్కటి 100 సార్లు ఆ లెక్కను చదివి, సెకనులో వెయ్యోవంతు ఆగి, చదివినదానికి ఒకటి కలిపి తిరిగి రాయాలి. 200 వచ్చిందా?

2. ఇప్పుడు చదవడం నుంచి రాయడం వరకు థ్రెడింగ్ మాడ్యూల్‌లోని లాక్ లోపల పెట్టండి. ఎన్నిసార్లు నడిపినా 200 వస్తుందేమో చూడండి. నడవడానికి పట్టిన సమయం ఎందుకు పెరిగిందో ఆలోచించండి.

3. రేస్ కండిషన్ అంటే ఏమిటో పది వాక్యాలకు మించకుండా తెలుగులో రాయండి. కంప్యూటర్ తెలియని మీ ఇంటివారికి చదివి వినిపించండి. వారు తిరిగి మీకు చెప్పగలిగితే పూర్తి మార్కులు వేసుకోండి.