నది ఆవలి ఒడ్డున నేరాల కోటలు

డిగ్రీ చేతికి రాగానే మనలో చాలామందికి ఉద్యోగమే మొదటి ఆలోచన. "థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, భోజనం, వసతి ఉచితం" అనే ప్రకటన సెల్‌ఫోన్‌లో కనబడితే ఆశ కలగడం సహజం. కానీ అటువంటి ప్రకటన వెనుక ఒక దేశపు అంతర్యుద్ధం దాగి ఉండవచ్చు. అదెలాగో తెలుసుకుందాం.

తుపాకీ ఉన్నవాడిదే సంస్థానం

థాయిలాండ్, మయన్మార్ (పూర్వపు బర్మా) దేశాల మధ్య మోయి నది పారుతుంది. ఇటు ఒడ్డున థాయిలాండ్ పట్టణం మేసాట్, అటు ఒడ్డున మయన్మార్ పట్టణం మ్యావడీ. ఆ ప్రాంతం కరెన్ జాతివారిది. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. తమకు ప్రత్యేక రాజ్యం కావాలని కరెన్‌లు 1949లో ఆయుధాలు పట్టారు. 1994లో వారి సంస్థ చీలింది. చీలిన వర్గంలో ఎక్కువమంది 2010లో సైన్యంతో రాజీపడి సరిహద్దు రక్షక దళంగా మారారు. భూమి, తుపాకులు మాత్రం వారి చేతిలోనే ఉండిపోయాయి.

మన అమరచింత కూడా ఒకప్పుడు నిజాం కింద సంస్థానమే. పేష్కష్ చెల్లించి, లోపలి పాలన తానే చూసుకునేది. 1948 తర్వాత ఆ పద్ధతి పోయింది. మోయి ఒడ్డున మాత్రం అటువంటి పాలనే తుపాకీ నీడలో నడుస్తోంది. చైనా నేర ముఠాలు ఆ దళాల అండతో ష్వేకొక్కో, కేకే పార్క్ వంటి కోటలు కట్టాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అడిగేవారే లేకపోయారు.

కోట లోపల

ఉద్యోగమని బ్యాంకాక్ రప్పించి, కారులో మేసాట్ చేర్చి, నది దాటిస్తారు. పాస్‌పోర్టు లాక్కుంటారు. దొంగ పేర్లతో ఫోన్లో స్నేహం చేసి అమాయకుల డబ్బు కాజేయాలి. కాదంటే దెబ్బలు, కరెంటు షాకులు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో 1,00,000 మంది ఇలా చిక్కుకొని ఉండవచ్చని 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి తెలిపింది.

తెలుగువారూ ఇందులో ఉన్నారు. 2024 మేలో కంబోడియా ముఠాలకు యువకులను పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. 2025 ఫిబ్రవరి 5న థాయిలాండ్ ఆ సరిహద్దు పట్టణాలకు కరెంటు, ఇంధనం ఆపివేసింది. ఆపై విడుదలైన వారిలో 549 మంది భారతీయులను మార్చి 10, 11 తేదీలలో మన వాయుసేన విమానాలు తీసుకువచ్చాయి. వారిలో తెలంగాణ, ఆంధ్ర యువకులు కూడా ఉన్నారు.

పాలమూరుకు తెలిసిన పాఠం

ఈ మోసం మనకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మన తాతలను దూరదేశపు డ్యాముల పనులకు తీసుకుపోయేవాడు. అప్పు తీరేదాకా తిరిగి రానిచ్చేవాడు కాదు. కోటలోనూ అంతే. "నీ కోసం ఖర్చు పెట్టాం, లక్షలు కట్టి పో" అంటారు. నాడైనా నేడైనా సంకెల అప్పే.

కావున మనం ఈ జాగ్రత్తలు పాటించాలి:

1. ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడాలి.
2. టూరిస్టు వీసాపై ఉద్యోగం అంటే ఒప్పుకోరాదు.
3. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను సంప్రదించాలి.
4. ఫోన్లో డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

తిరిగి వచ్చినవారిని "దొంగలు" అని వెక్కిరించరాదు. సిగ్గుతో వారు నోరు మూసుకుంటే, ఏజెంటు తర్వాతి ఊరికి పోతాడు. వారిని మాట్లాడనిద్దాం. విదేశాలకు వెళ్ళదలచిన అన్నలు పాస్‌పోర్టు ఇచ్చే ముందు ఒక్కసారి హాస్టల్ మిత్రులతో చర్చించాలని మా మనవి.