పండుగ సందడిలో వినికిడి తగ్గిన పెద్దలు

సంక్రాంతి మూడు దినములలోను బంధువులతో నిండని ఇల్లు గ్రామములలో అరుదు. పట్టణములనుండి కుమారులు, కుమార్తెలు, అల్లుండ్రు, మనుమలు వత్తురు. ఏడాది పొడుగున వారికొరకు ఎదురుచూచిన తాతగారు మాత్రము అందరును చేరిన కొలదిసేపటికే లేచి, వీధి అరుగుమీద ఒంటరిగా కూర్చుందురు. ఇంటివారు దానిని వయసుతో వచ్చిన చిరాకని తలచుట కలదు. పెక్కుమారులు అసలు కారణము, మాట చెవిని పడుచున్నను ఏమన్నారో తెలియకపోవుటయే.

వృద్ధాప్యమున వినికిడి క్రమక్రమముగా తగ్గును. మొదట పోవునవి సన్నని ధ్వనులు. మన మాటలలోని అచ్చులు గట్టివి గనుక అవి చాలకాలము అందుచునే యుండును. స, త, క వంటి హల్లులు బలహీనమైనవి. "పాలు", "కాలు", "తాలు" అను మూడు మాటలకును గల భేదము ఒక్క హల్లులోనే యున్నది గదా! నిశ్శబ్దముగా నున్న ఇంట ఒక్కరు మాటలాడినపుడు, జారిపోయిన హల్లును వృద్ధులు సందర్భమును బట్టి ఊహించుకొందురు. పదిమంది ఒక్కమారుగా మాటలాడుచు, పిల్లలు కేకలు వేయుచు, టెలివిజను మ్రోగుచుండగా ఆ ఊహకు తావుండదు. "నిన్న బాగుగనే వినబడినదే, నేడేమి వచ్చినది?" అని విసుగుకొనుట న్యాయము కాదు.

బిగ్గరగా అరచినందువలన ప్రయోజనము స్వల్పము. అరపులో అచ్చులు పెరిగినంతగా హల్లులు పెరుగవు. పైగా మెల్లని మాటను అందుకొనలేని ఆ చెవికే పెద్ద ధ్వని బాధ కలిగించును. అంతకంటె దగ్గరకు పోవుట మేలు. ఆరుబయట దూరము సగమైనచో ధ్వని సుమారు 6 డెసిబెల్సు పెరుగును. ఎదుట కూర్చుండి, తన ముఖముపై వెలుతురు పడునట్లు చూచుకొని, నిదానముగా చెప్పవలయును. పెదవుల కదలికను చూచి మాటను గ్రహించువారు పెక్కురు. తెలియనిచో అదే మాటను పదేపదే అనక, మరియొక విధముగా చెప్పవలెను. స్లాబు గదులలో గోడలు ధ్వనిని తిప్పికొట్టును గనుక పెద్దలకు వసారాలో, గోడకు వీపు ఆనునట్లు ఆసనము వేయుట మంచిది. భోజనపు బంతిలో చివర కూర్చుండబెట్టి, బాగుగా వినబడు చెవిని తక్కినవారివైపు ఉండనిచ్చిన చాలును.

పంచాయతీ సభ్యులకు దీనితో ముఖ్యమైన సంబంధమొకటి కలదు. అందరును కూడియుందురు గనుక పొలము పంపకములు పండుగ దినములలోనే తేల్చుకొనుట పెక్కు ఇండ్లలో వాడుక. వినబడని పెద్దలు మాటిమాటికి అడుగుటకు సిగ్గుపడి తల యూపుదురు. దానిని సమ్మతిగా నెంచి కాగితము వ్రాయుదురు. పిమ్మట "నేనట్లు ఒప్పుకొనలేదు" అని వారనగా తగవు పంచాయతీ గడప త్రొక్కును. అట్టి సమావేశమునకు పిలువబడిన సభ్యులు "సరేనా అండీ?" అని అడిగి ఊరకుండరాదు. టెలివిజను కట్టించి, "మీకు ఏ చేను, ఎన్ని సెంట్లు మిగిలినదో మీ నోటితో చెప్పండి" అని అడుగవలెను. చెప్పలేకపోయినచో ఆనాడు వేలిముద్ర వేయింపరాదు.

గుడివద్ద మ్రోగు మైకు మాట యొకటి. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమముల ప్రకారము లౌడు స్పీకరుకు వ్రాతమూలకమైన అనుమతి యుండవలెను. ఆరుబయట రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు దానిని వాడరాదు. పండుగలకు అర్ధరాత్రివరకు సడలింపు నిచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు గాని, అది ఏడాదికి 15 దినములకు మించరాదు. పగటివేళ గూడ గొట్టములను ఇండ్లవైపు త్రిప్పకుండ సభ్యులు చూడవచ్చును.

చెవిలో గుబిలి గట్టిపడినను వినికిడి తగ్గును. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టుట, కాచిన నూనె పోయుట ప్రమాదకరము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలయును. ఒక్క చెవికి హఠాత్తుగా వినబడనిచో పండుగ గడచువరకు ఆగక, ఆనాడే వైద్యునికి చూపవలెను. పేద వృద్ధులకు 60 ఏండ్లు నిండినచో వినికిడి యంత్రములను ఉచితముగా ఇచ్చుటకు 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజన ప్రారంభమైనది. ఐతే యంత్రము మాటతోపాటు సందడిని గూడ పెంచును. భోగినాడు మొదటిసారి పెట్టుకొన్నవారు దానిని తీసి పెట్టెలో పడవేయుదురు. ధనుర్మాసము ప్రవేశించునప్పటికే తెప్పించి, ప్రతిదినము కొంతసేపు నిశ్శబ్దమైన గదిలో ఒక్కరితో మాటలాడించుచు అలవాటు చేయవలయును.