పాత పీఎస్2 ఆటలకు మౌస్ కుదరాలంటే...

ప్రశ్న: మా అన్న కొన్న ప్లేస్టేషన్ 2, డిస్కులు ఇంట్లోనే ఉన్నాయి. కంట్రోలర్లు పాడైపోయాయి. ల్యాప్‌టాప్‌లో పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్ వేసుకుని మౌస్, కీబోర్డ్‌తో ఆడుతున్నా గురి అసలు కుదరడం లేదు. ఏం చేయాలి?
- ఓ డిగ్రీ విద్యార్థి, సిద్దిపేట

జవాబు: లోపం మీ మౌస్‌ది కాదు. ఆ ఆటలు కంట్రోలర్ స్టిక్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. స్టిక్ ఎంత వంగిందో 0 నుంచి 255 వరకు ఒక అంకెగా ఆటకు చేరుతుంది. దాన్నిబట్టి ఎంత వేగంగా తిరగాలో ఆట నిర్ణయిస్తుంది. మౌస్ చెప్పేది వేగం కాదు, ఎంత దూరం జరిగిందన్నదే. అందుకే మెల్లగా కదిపితే నడుమనున్న డెడ్‌జోన్ (చిన్న కదలికలను ఆట పట్టించుకోని భాగం) మింగేస్తుంది. విసురుగా లాగినా ఆట తన గరిష్ఠ వేగాన్ని దాటదు.

ముందు ఆటలోని ఆప్షన్స్‌లో తిరిగే వేగాన్ని పూర్తిగా పెంచండి. తర్వాత ఎమ్యులేటర్‌లో మౌస్ సెన్సిటివిటీని కొద్దికొద్దిగా మార్చి చూడండి. 2001 నాటి 'హాఫ్-లైఫ్' పీఎస్2 వెర్షన్ యూఎస్‌బీ మౌస్, కీబోర్డ్‌లను నేరుగా తీసుకుంటుంది. ఎమ్యులేటర్ యూఎస్‌బీ సెట్టింగుల్లో వాటిని ఎంచుకోండి. 'జీటీఏ: శాన్ ఆండ్రియాస్' అయితే 2005లో వచ్చిన పీసీ వెర్షనే మేలు.

కారు రేసుల సంగతి వేరు. పీఎస్2 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 2 బటన్లు ఎంత గట్టిగా నొక్కామో కూడా గుర్తిస్తాయి. కీబోర్డ్ మీటకు నొక్కడం, వదలడం తప్ప తెలియవు. ఆ రేసులకు స్టిక్‌లున్న యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ కొనుక్కోండి. ఎమ్యులేటర్‌కు కావాల్సిన బయోస్ ఫైలును మాత్రం నెట్‌లో వెతక్కండి, మీ సొంత కన్సోల్ నుంచే తీసుకోండి.