బొల్లి, సోరియాసిస్: తేడా ఎక్కడ?

మన రోగనిరోధక వ్యవస్థ మన చర్మం మీదకే తిరగబడితే వచ్చే జబ్బులివి. రెండూ అంటుకోవు. బొల్లిలో టీ కణాలు మెలనిన్ తయారుచేసే మెలనోసైట్లను చంపేస్తాయి. మచ్చ పాలలా తెల్లబడుతుంది, పొట్టు రాలదు. సోరియాసిస్‌లో దాదాపు నెల పట్టే పైచర్మ కణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే ముగిసి, మోచేతులు, మోకాళ్లు, తల మీద వెండిరంగు పొలుసులు పేరుకుంటాయి. పొలుసు గీకితే సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి. అదే ఆస్పిట్జ్ లక్షణం, గుర్తుంచుకోండి. దెబ్బ తగిలినచోటే కొత్త మచ్చ లేచే కోబ్నర్ లక్షణం మాత్రం రెండింటిలోనూ ఉంది.

బొల్లిని కుష్ఠుగా పొరబడేవాళ్లున్నారు కాబట్టి, పరీక్షలకు సిద్ధమయ్యే ఉత్తరాంధ్ర అభ్యర్థులు కుష్ఠును కూడా పక్కన పెట్టుకుని చదవాలి. సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి కుష్ఠు వైద్యానికి పేరుపడింది. 2022 దాకా విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. కుష్ఠుకు కారణం బాక్టీరియా. దాన్ని 1873లో వైద్యుడు హాన్సెన్ కనుగొన్నారు. కుష్ఠు మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద దూదిపోగు ఆనించినా తెలుస్తుంది. ఈ చిన్న తేడా తెలియక బొల్లి ఉన్న ఆడపిల్లల సంబంధాలు తప్పిపోవడం ఘోరమైన అన్యాయం.

ప్రపంచ బొల్లి దినం జూన్ 25, సోరియాసిస్ దినం అక్టోబరు 29. అతినీలలోహిత బి కిరణాల చికిత్స రెండింటికీ వాడతారు. బొల్లి మచ్చలో రంగు తరచూ వెంట్రుకల కుదుళ్ల చుట్టూ చుక్కలుగా తిరిగొస్తుంది.