మీసేవ రసీదు

సూర్యాపేట మార్కెట్టు యార్డున బస్తాలు మోయు హమాలీకిని, మిర్యాలగూడ బియ్యపు మిల్లులలోని కూలికిని, కోదాడలో దారిప్రక్క పండ్లమ్ముకొను స్త్రీకిని ఒకనాటి పని మానినచో ఆనాటి గ్రాసమునకే లోపము. అట్టివారు బిడ్డ చదువునకు వలయు ఆదాయ ధ్రువపత్రము కొఱకు పలుమాఱులు కచేరీకి తిరుగుట విచారకరము. ఈ శ్రమ తగ్గించు ఏర్పాటు కలదు గాని, తెలియనివారికి కలిగియు లేనట్లే. కావున దానిని సంగ్రహముగా వివరించుచున్నాము.

మీసేవ 2011 నవంబరు 4వ తేదీన ప్రారంభమయ్యెను. 2016 అక్టోబరులో నల్లగొండ జిల్లా విభజింపబడగా సూర్యాపేట, కోదాడ క్రొత్త జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ పాత జిల్లాలోనే నిలిచినది. అయినను మూడు పట్టణములయందును ఈ పద్ధతి యొక్కటియే.

దరఖాస్తుదారుడు కేంద్రమున కాగితములిచ్చి రుసుము చెల్లించును. దరఖాస్తు కంప్యూటరు ద్వారా తహసీలుదారు కార్యాలయమునకు పోవును. విచారణానంతరము తహసీలుదారు డిజిటల్ సంతకము చేయును. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము దీనికి చేవ్రాలుతో సమానమైన విలువ నొసగినది. కావున పత్రముపై సిరా సంతకము లేదని దిగులు పడనక్కఱలేదు.

ఇందు పేదవానికి రక్షణ రసీదే. దానిపైని దరఖాస్తు సంఖ్యను మీసేవ వెబ్‌సైటున నమోదు చేసి చూచినచో పని యెంతవఱకు వచ్చినదో తెలియును. అందుకై కూలి పోగొట్టుకొని పోనక్కఱలేదు. చెల్లించిన రుసుమును అందే యుండును గనుక, అధికముగా పుచ్చుకొనిరేమో సరిచూచుకొనవచ్చును. రసీదు లేనివాడు ఏ యాధారముతో నడుగగలడు?

పదవ తరగతి ముగించి పై చదువునకు పోవువారు ఉపకారవేతనము కొఱకు ఈపాస్ వెబ్‌సైటున దరఖాస్తు చేయునపుడు ఆదాయ, కుల ధ్రువపత్రములు కావలయును. గడువు సమీపించిన పిదప పరుగెత్తుటకంటె ముందుగా వానిని సంపాదించుట మేలు.

ఇంకొక జాగ్రత్త. ఫోనునకు వచ్చు ఓటీపీ యింటి తాళపుచెవి వంటిది. తెలియనివారు ఫోను చేసి, ఎంతటి యధికారి పేరు చెప్పి యడిగినను దానిని చెప్పరాదు.

అనేక గృహములయందు చదువనేర్చినది మా విద్యార్థి యొక్కడే. అతడు తల్లిదండ్రుల రసీదును చదివి చెప్పవలెను. పొరుగింటి వృద్ధురాలి రసీదును గూడ చదివి చెప్పవలెను. అందులకు ప్రతిఫలము కోరరాదు. నేర్చిన అక్షరము ఒక కూలివాని దినవేతనమును నిలిపినచో, ఆ చదువు సార్థకమైనదని మా యభిప్రాయము.