ఎండుటాకు సీతాకోక చిలుక

హిమాలయాల దిగువ కొండల నుంచి ఆగ్నేయాసియా దాకా, వానలు బాగా కురిసే అడవుల్లో ఉండే సీతాకోక చిలుక ఇది. శాస్త్రీయ నామం కాలిమా ఇనాకస్. రెక్కలు విప్పితే 85 నుంచి 110 మిల్లీమీటర్లు. ముదురు నీలం మీద నారింజ రంగు పట్టీ జిగేలుమంటుంది. మూసిందంటే మాత్రం అచ్చం ఎండుటాకే!

వెనుక రెక్క తోక ఆకు తొడిమలా కొమ్మకు ఆనుతుంది. అక్కణ్ణుంచి ముందు రెక్క కొస వరకు సాగే గీత నడిమి ఈనె. పక్క ఈనెలు, బూజు మచ్చలు కూడా తయారు! ఏ రెండూ ఒక్కలా ఉండవు. కాబట్టి ఒకదాన్ని గుర్తుపట్టిన పిట్టకు ఇంకోటి సులువుగా దొరకదు. పువ్వుల జోలికి దాదాపు పోదు. మాగిన పళ్ళూ, చెట్ల కారే రసమూ దీని ఆహారం. గొంగళి పురుగు మన అడ్డసరం కుటుంబపు మొక్కలను తింటుంది.

దీని దగ్గరి బంధువును సుమత్రాలో చూసిన ఆల్ఫ్రెడ్ వాలేస్, 1869లో అచ్చయిన 'మలయ్ ఆర్కిపెలాగో'లో దాన్ని వర్ణించి, ప్రకృతి వరణానికి సాక్ష్యంగా చూపాడు. అయితే ఒక చిక్కు ప్రశ్న ఉంది. పూర్తి ఆకు పోలిక ప్రాణం కాపాడుతుంది, సరే. మరి అరకొర పోలిక వల్ల లాభమేమిటి? ఇంత నకలు ఒక్కసారే పుట్టిందా?

జవాబు మన వరిచేలోనే ఉంది. కలుపు తీసేవాళ్ళ చేతికి ముందు చిక్కేది వరికి భిన్నంగా కనిపించే ఊద. కాస్త పోలిక ఉన్నది తప్పించుకుని గింజ రాలుస్తుంది. ఏటా ఇలా జరిగితే చివరికి మిగిలేది వరిలాంటి ఊదే. చేలో మనిషి కన్ను చేసే పనే అడవిలో పిట్ట కన్ను చేస్తుంది. చూపు పడేది ఒక్క క్షణం. ఆ క్షణంలో కొద్దిపాటి పోలికైనా లాభమే.

2014లో జపాన్ శాస్త్రజ్ఞులు సుజుకి బృందం కాలిమా రెక్కల గీతలను దాని బంధువుల రెక్కలతో పోల్చి చూశారు. ఆకు రూపం ఒక్క గెంతులో కాక, మెట్టు మెట్టుగా వచ్చిందని తేల్చారు.

కానీ మిత్రులారా, ఈ వేషం పనిచేసేది అడవి ఉన్నంతవరకే. పొదలు నరికి, రాలిన ఆకు తగలబెట్టిన నేల మీద ఎండుటాకు వేషం ఎవరిని మోసగిస్తుంది? లక్షల ఏళ్ళ వరణం కాపాడిన జీవిని ఒక్క అగ్గిపుల్ల ఓడించగలదు.