మరుగుదొడ్డిని ఎత్తు చేయుట: గృహస్థులు తెలిసికొనవలసిన విషయములు

హైదరాబాదునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము ఒకప్పుడు సేద్యముపై ఆధారపడిన గ్రామములు. 1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతపు స్వరూపమే మారిపోయినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో విలీనమైనది. అయినను ఎత్తైన భవనముల నడుమ పాత ఇండ్లు కొన్ని నేటికిని కలవు. రోడ్డుపై రోడ్డు వేయుటచే వీధి పైకి లేచినచోట అట్టి ఇల్లు పల్లమున పడును. భారీ వర్షము కురిసినపుడు మురుగునీరు వెనుకకు తన్ని ఇంటిలోనికి వచ్చును. సిమెంటు రోడ్లు వేసిన గ్రామములందును ఈ చిక్కు కలదు. అందుచేత స్నానపుగదిని బాగుచేయించునపుడే మరుగుదొడ్డిని ఎత్తు చేయుట మంచిది.

మొదట మట్టము చూడవలెను. వీధిలోని మురుగు కాలువ నిండినపుడు నీరు మ్యాన్‌హోలు మూత వరకు లేచి, అచట పొంగి పొరలును. ఇంటి గచ్చు ఆ మూతకంటె పల్లముగా నున్నచో ఆ నీరు ఇంటిలోనే పొంగును. మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో ఈ రెండు మట్టములను పోల్చి, గచ్చును మూతకంటె అర అడుగైనను ఎత్తుగా నుంచవలెను. కమోడును మాత్రమే ఎత్తు చేసిన ప్రయోజనము లేదు. నీరు నహానీ ట్రాపు నుండి పైకి వచ్చును. గచ్చును అంత ఎత్తు చేయుటకు వీలు లేనిచో, ఇంటి మురుగు తొట్టివద్ద నీటిని వెనుకకు రానీయని కవాటమును అమర్చి, అప్పుడప్పుడు శుభ్రము చేయించవలెను.

కమోడును ముందుగా కొని, ఆ పిమ్మటనే గొట్టములు వేయించుట మేలు. గోడలోనికి పోవు పి ట్రాపు రకమునకు సాధారణముగా పూర్తియైన గచ్చునుండి సుమారు 7 అంగుళముల ఎత్తున గొట్టము నడిమి భాగము ఉండవలెను. గచ్చును 2 అంగుళములు పెంచి గొట్టమును పెంచకున్నచో రెండును కలియవు. ఎస్ ట్రాపు రకమునకు గోడనుండి గల దూరమును టైల్సు మందముతో కూడ లెక్కించవలెను. నాలుగంగుళముల గొట్టమునకు 40 అడుగులకు 1 అడుగు వాలు ఉండవలెను. పాత పాను తీసినపుడు దాని క్రింది ట్రాపును కూడ తీసివేయవలెను. ఒకే గొట్టమునకు రెండు ట్రాపులున్నచో మలము అడ్డుపడును. టైల్సు పరచుటకు పూర్వమే గచ్చుపై ఒక దినము నీరు నిలిపి కారుటలేదని నిర్ధారించుకొనవలెను. మేడమీద గచ్చును అర అడుగు ఇటుకముక్కలతో నింపినచో చదరపు మీటరునకు పావు టన్నుకు పైగా బరువు పడును. కనుక ఇంజనీరు సలహా లేనిదే అట్లు చేయరాదు.

నగరమున ఉద్యోగము చేయు బిడ్డలవద్దకు పోయి ఉండు వృద్ధుల మాటయు తలచవలెను. మోకాళ్ళ నొప్పులు గలవారికి సుమారు 18 అంగుళముల ఎత్తుగల కమోడు అనువైనది. దిమ్మెపై కమోడు నిలుపదలచినచో ఆ దిమ్మె కమోడు అడుగుభాగమంత మాత్రమే ఉండవలెను. వెడల్పైనచో పాదములును దిమ్మెపైనే ఉండును. ఎత్తు పెంచిన ఫలము దక్కదు. పైగా తొట్రుపడి పడు ప్రమాదము కలదు. గోడకు గట్టి పట్టుకమ్మి బిగించవలెను. గచ్చు పెరిగినచోట గుమ్మమువద్ద మెట్టు ఏర్పడకుండ చూచుకొనవలెను.

మురుగు కాలువ లేనిచోట సెప్టిక్ ట్యాంకు మూత గచ్చు క్రింద కప్పబడి పోరాదు. ట్యాంకును యంత్రపు బండితోనే శుభ్రము చేయించవలెను. లోపలి విషవాయువు క్షణములలో ప్రాణము తీయును. రక్షణ లేకుండ మనుష్యుని అందులోనికి దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మన ఇంటి సౌకర్యము మరియొకరి ప్రాణమునకు ముప్పు కారాదు.